పట్టు వదలని పనిముట్టు

ర్యాచెట్ స్క్రూడ్రైవర్ విలువ ఏళ్లు గడిచాక తెలుస్తుంది. దాని హద్దులు మాత్రం మొదటి రోజే తెలియాలి

తలుపు గడియ, ఫ్యాన్ రెగ్యులేటర్, మిక్సీ అడుగు, పిల్లల బొమ్మ కారు... ఇంట్లో ఏదో ఒక స్క్రూ ఎప్పుడూ వదులవుతూనే ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో బిగించాలంటే తిప్పాలి, పట్టు వదలాలి, మళ్లీ పట్టుకోవాలి, మళ్లీ తిప్పాలి. ర్యాచెట్ రకం ఈ మధ్యలోని శ్రమను తీసేస్తుంది. పిడి మీద చెయ్యి అలాగే ఉంటుంది. ముందుకు తిప్పితే స్క్రూ కదులుతుంది. వెనక్కి తిప్పితే కిరకిరమంటూ పిడి ఒక్కటే తిరిగొస్తుంది.

సూత్రం పాతదే. ఒక పళ్లచక్రం, దానికి అడ్డుపడే చిన్న లోహపు నాలుక, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగ్. గోడ గడియారానికి కీ ఇచ్చేటప్పుడు వినిపించే శబ్దమూ ఇలాంటి ఏర్పాటు నుంచి వచ్చేదే. చక్రానికి 24 పళ్లుంటే ఒక్కో పన్ను దాటడానికి పిడి 15 డిగ్రీలు తిరగాలి. 72 ఉంటే 5 డిగ్రీలు చాలు. చెయ్యి పట్టని మూలల్లో ఆ తేడా తెలుస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన నార్త్ బ్రదర్స్ సంస్థ, నొక్కితే తిరిగే ర్యాచెట్ స్క్రూడ్రైవర్లను 'యాంకీ' పేరుతో వడ్రంగులకు అలవాటు చేసింది. 1946లో స్టాన్లీ ఆ సంస్థను కొనేసింది. ఆ కాలపు పనిముట్లలో కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

అంతకాలం మన్నాలంటే వాడకం తెలియాలి. స్క్రూ మొదటి చుట్లలో వదులుగా ఉన్నప్పుడు, వెనక్కి తిప్పిన పిడితో పాటు అదీ వెనక్కొచ్చేస్తుంది. అప్పుడు కడ్డీని వేళ్లతో పట్టి రెండు చుట్లు తిప్పితే సరిపోతుంది. తుప్పు పట్టి మొండికేసిన స్క్రూ దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చాలా వాటిలో ముందుకు, వెనక్కి కాక, చక్రాన్ని కదలనీయకుండా బిగించే మూడో స్థానం ఉంటుంది. మొదటి బలమైన తిప్పుడు అందులోనే తిప్పాలి. లేదంటే ఆ భారమంతా చిన్న పళ్ల మీద పడుతుంది. ఉలిలా సుత్తితో కొట్టడం, రంగు డబ్బా మూత లేపడం దీని పనులు కావు.

సాధారణంగా ముందు అరిగేది ర్యాచెట్ కాదు, బిట్. కొన అరిగిన బిట్ జారిపోయి స్క్రూ గాడిని కూడా పాడుచేస్తుంది. చాలా బిట్లు పావు అంగుళం షట్కోణపు కొలతలో వస్తాయి కాబట్టి ఒక కంపెనీది పోతే మరో కంపెనీది పెట్టుకోవచ్చు. ర్యాచెట్ లోపల దుమ్ము చేరితే నాలుక సరిగా పడదు, పట్టు తప్పుతుంది. దుమ్ము తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే మళ్లీ దారికొస్తుంది. కొబ్బరినూనె వద్దు. చలికి గడ్డకడుతుంది.

ఏళ్ల అలవాటుతో వచ్చే అసలు ప్రమాదం వేరే ఉంది. చేతికి అమరిన పనిముట్టుతో మనిషికి ధైర్యం పెరుగుతుంది. మెయిన్ ఆపకుండానే స్విచ్‌బోర్డు విప్పేస్తాడు. పిడి ప్లాస్టిక్‌దే అయినా లోపలి కడ్డీ లోహం. మెత్తటి రబ్బరు పట్టు సౌకర్యం కోసమే తప్ప కరెంటును ఆపడానికి కాదు. ఐఈసీ 60900 ప్రమాణంతో తయారై, జంట త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉన్న స్క్రూడ్రైవర్లు వేరు. మామూలు ర్యాచెట్ రకాల మీద ఆ గుర్తు ఉండదు. ఇంటి కరెంటు 230 వోల్టులు. ప్రాణం తియ్యడానికి అది చాలు. బోర్డు మీద చెయ్యి వేసే ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం. ర్యాచెట్ ఆదా చేసిన సమయంలో ఆ నిమిషం సులువుగా దొరుకుతుంది.