తొలి గుడ్డకు మార్కులేల?

మా గుంటూరు పల్లెలలో అవ్వలు పాతచీరలు పొరలుగా పరచి చేతితో బొంతలు కుట్టుదురు. ఆ పనినే కుట్టుమిషనుపై చేయుటకు మేము నలుబదియేండ్లు దాటిన పిదప నేర్వబూనితిమి. మామూలు కుట్టులో సూదిక్రింది పండ్లే బట్టను సమముగా నడుపును. తీగలు, పూవులు కుట్టవలెనన్న ఆ పండ్లను దింపి, బట్టను మన చేతులే నడుపవలెను. మిషను వేగమై చేయి నెమ్మదించిన కుట్లు చిక్కబడును. చేయి తొందరపడిన కుట్లు సాగును.

మా మొదటి పూవు ఎండుమిరపకాయవలె ముడుచుకొనెను. దానికెవరైన మార్కులు వేసియుండిన, మేము మరల మిషను ముట్టియుండము. కావున ఉపాధ్యాయులకు మా మనవి: కుట్టుతరగతిలో పిల్లల తొలి గుడ్డలకు మార్కులు వేయకుడు. పాతబట్టలిచ్చి, చేయియు కాలును ఒకటగువరకు వానిని పాడుచేయనిండు. పండ్లు నడిపిన కుట్టు తిన్ననిదే. కాని యందు పిల్ల నేర్చినదేమి?