సిగ్గు ప్రాణము తీయరాదు

బహిరంగముగా చర్చింపరాని విషయములని మనము ప్రక్కకు నెట్టినవానిలో స్త్రీల రొమ్ము వ్యాధి యొకటి. దీనిని గూర్చి పత్రికలో వ్రాయుట మర్యాద గాదని తలంచు పెద్దలు నేటికిని కలరు. ఆ మర్యాదకు మూల్యమును మన తల్లులు, అక్కచెల్లెండ్రు, సహధర్మచారిణులు చెల్లించుచున్నారు గావున మేము మౌనము వహింపజాలము.

2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు క్రొత్తగా కనుగొనబడినదనియు, సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ సంస్థల అంచనా. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సరు నమోదు నివేదికలో, వయోభేదములను సవరించి లెక్కింపగా, లక్షకు 48 మంది చొప్పున హైదరాబాదు జిల్లాయే దేశమున ప్రథమస్థానమున నిలిచినది. ఏ పోటీలో ప్రథమస్థానము వచ్చినను సంబరపడు నగరవాసులు, ఈ ప్రథమస్థానమును గూర్చి యొక్క మాటయైన పలుకకుండుట వింత గాదా?

పాశ్చాత్య దేశములకంటె మన దేశమున ఈ వ్యాధి సుమారు పదియేండ్లు ముందుగానే, నడివయస్సుననే, పొడసూపుచున్నది. ఆ వయస్సున ఇల్లాలు బిడ్డల చదువులు, అత్తమామల సేవ, ఇంటి బరువు మోయుచు తన దేహమును కడపట తలంచును. రొమ్మునగాని చంకలోగాని గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి గుంజుకొనినను, రక్తము స్రవించినను, ‘నొప్పి లేదు గదా’ యని ఊరకుండును. తొలిదశలో నొప్పి లేకుండుటయే ఈ వ్యాధిలోని మోసము. గడ్డలలో అధికభాగము క్యాన్సరు గాదు; కాని ఏది యేదో తేల్చవలసినది వైద్యుడే గాని ఇరుగుపొరుగువారు గారు. నలువదేండ్లు దాటినవారు మామోగ్రాము పరీక్షను గూర్చి వైద్యుని సలహా పొందుట మంచిది.

ధనికులకే ఇది సాధ్యమనువారికి బొంబాయి టాటా స్మారక వైద్యశాల సమాధానము చెప్పినది. అచ్చటివారు 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గములుగా జేసి, ఒక వర్గమునకు శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త్రులచే రెండేండ్లకొకమారు చేతితో పరీక్ష చేయించిరి. 2021లో ప్రకటించిన ఫలితములలో, పరీక్ష పొందినవారి వ్యాధి ముందుదశలోనే బయటపడినదనియు, ఏబదేండ్లు దాటినవారిలో మరణములు దాదాపు నూటికి ముప్పది వంతులు తగ్గినవనియు తేలినది. ఏబది లోపువారిలో అట్టి తగ్గుదల కానరాలేదు గావున, వారు ఏ మార్పు తోచినను తడవు చేయక వైద్యుని చూడవలెను.

మన నగరమున వసతి లేదా? నాంపల్లి చేరువనే, రెడ్ హిల్స్‌లో, 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల కలదు. ఆబిడ్సులో చీరలకై గంటల తరబడి తిరుగు కుటుంబములకు అది దూరము గాదు. అడ్డుపడునది సిగ్గు, భయము, మగవారి యుపేక్ష.

కావున మేము కోరున దేమన: ముప్పదేండ్లు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష జరుపవలెనను జాతీయ కార్యక్రమము కాగితముపై నిలువక, ప్రతి బస్తీ దవాఖానాలో స్త్రీ కార్యకర్తలచే జరుగవలెను, ఎందరికి జరిగినదో ప్రభుత్వము ఏటేట ప్రకటింపవలెను. 1938లో ఆరంభమై ఏటేట నాంపల్లిలో జరుగు నుమాయిషునకు వేలాది స్త్రీలు వత్తురు. అచ్చట మరుగుగల పరీక్షాశిబిరము ప్రతివత్సరము నడుపవలెను. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుగాగల పఠనమందిరములు మహిళావైద్యులచే తెలుగున ఉపన్యాసము లిప్పింపవలెను.

స్త్రీలు సభకెక్కుటయే వింతయైన దినములలో, 1930లో, జోగిపేటలో ఆంధ్రమహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభ జరిపిన జాతి మనది. నాడు సభలో మాటలాడ వెఱవని మనము నేడు ఇంటిలో మాటలాడ వెఱతుమా? దీనిని చదువు ప్రతి గృహస్థుడును నేటి రాత్రియే తన భార్యను, తల్లిని అడుగవలెను; అవసరమైనచో రేపే వైద్యశాలకు వెంట నడువవలెను. ఇదియును దేశసేవయే.