తడి చెత్త ప్రాంగణం దాటొద్దు

తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. హోటళ్లు, 5,000 చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ప్రాంగణంలోనే ఎరువుగానో, బయోగ్యాస్‌గానో మార్చాలనీ ఆదేశించాయి. ఆచరణే కొరవడింది. కలగలిసిన చెత్త హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ వంటి యార్డులకు చేరి, చుట్టుపక్కల జనానికి దుర్వాసనను, కలుషిత భూగర్భజలాన్ని మిగిల్చింది.

ఆచరణ అసాధ్యమేమీ కాదు. జపాన్‌లోని కమికట్సు అనే ఊరు 2003లోనే సున్నా వ్యర్థాల లక్ష్యాన్ని ప్రకటించింది. అక్కడ ఇంటింటికీ చెత్తబండి రాదు. ప్రజలే సేకరణ కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. దాదాపు 80 శాతం పునర్వినియోగానికి వెళ్తోంది. చిన్న ఊరు కాబట్టి సాధ్యమైందన్న వాదన చెల్లదు. జనాభాలో మన పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలు కొన్ని ఆ ఊరికి తీసిపోవు.

వేరుచేసి ఇచ్చిన చెత్తను బండిలో మళ్లీ కలిపేస్తే ప్రజల నమ్మకం పోతుంది. పురపాలక సంఘాలు ముందు దాన్ని ఆపాలి. కంపోస్టు చేసే సముదాయాలకు ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. నిబంధన మీరే హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు జరిమానా తప్పకూడదు. చెత్త ఏరి బతికేవారికి గుర్తింపు కార్డులు, న్యాయమైన కూలి దక్కాలి. చట్టం చేతిలో ఉంది. అమలుచేసే పట్టుదల చూపాల్సింది పాలకులే.