తెరచాప కుదించడం పిరికితనమా?

చిన్న తెరచాప పడవల విషయంలో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది: "చాప కుదించేది పిరికివాళ్లు. పడవ నడపడం వచ్చినవాడు నిండు చాపతోనే గాలిని గెలుస్తాడు." హుస్సేన్ సాగరు గట్టున ఈ మాటను చాలాసార్లు విన్నాను. అన్నవారు అనుభవజ్ఞులే, నాకు వారిమీద గౌరవమూ ఉంది. అయినా ఈ మాట ధైర్యం నుంచి పుట్టింది కాదని, లెక్క చూసుకోకపోవడం నుంచి పుట్టిందని నా వాదన.

ముందుగా విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. డింగీ అంటే ఒకరో ఇద్దరో నడిపే, పైకప్పు లేని చిన్న పడవ. గాలి హెచ్చినప్పుడు దాని ప్రధాన తెరచాపలో కింది భాగాన్ని మడిచి కట్టి, గాలికి అందే వైశాల్యాన్ని తగ్గించడాన్ని రీఫింగ్ అంటారు. తెలుగులో "చాప కుదింపు" అంటే సరిపోతుందనుకుంటాను. ఇంతకంటె మంచి మాట మన రేవుల్లో ఉంటే తెలిసినవారు చెప్పగలరు.

ఇక లెక్క. గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలి 30 కిలోమీటర్లకు చేరిందంటే పడవను పక్కకు పడదోసే బలం నాలుగింతలైందన్నమాట. పెద్ద పడవకు అడుగున సీసమో ఇనుమో బరువుగా ఉండి నిలబెడుతుంది. డింగీకి ఆ ఆసరా లేదు. గాలి వచ్చే వైపు అంచు మీదికి వాలి కూర్చున్న మనిషి ఒంటి బరువే దాన్ని నిలబెట్టాలి. గాలి నాలుగింతలు బలపడితే మనిషి బరువు మాత్రం పెరగదు గదా! చాపను కుదిస్తే వైశాల్యం తగ్గుతుంది. గాలి పట్టే చోటు కూడా కిందికి దిగుతుంది. ఒరుగు రెండు విధాలా తగ్గుతుంది.

"నిండు చాపతోనే వేగం" అన్నది వారి రెండో వాదన. అదీ నిలవదు. బాగా ఒరిగిన పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి చుక్కాని పిడిని బలంగా లాగిపట్టాలి. అడ్డంగా తిరిగిన చుక్కాని నీటిలో బ్రేకులా పనిచేస్తుంది. అడుగు పలక ఏటవాలై పట్టు కోల్పోతుంది, పడవ పక్కకు జారుతుంది. నడిపేవాడికి ఒంటినిండా చెమట, చుట్టూ నీటి తుంపరలు. వేగంగా పోతున్నానన్న భ్రమ మాత్రం మిగులుతుంది. చాప కుదించి నిటారుగా సాగే పడవ అతణ్ణి దాటిపోయినా ఆశ్చర్యం లేదు.

ఒక్క విసురు గాలికి చాప తాడు వదిలితే చాలు, చాప మడవనక్కరలేదన్నది నిజమే. కాని గాలి అదే పనిగా వీస్తుంటే, పూట పూటంతా తాడు వదులుతూ, లాగుతూ ఉండటం నైపుణ్యం కాదు, ఒళ్లు హూనం చేసుకోవడం.

పందేల పడవనే చూడండి. ఒకప్పుడు లేజర్ అని, ఇప్పుడు ఇల్కా అని పిలిచే డింగీ పొడవు 4.23 మీటర్లు. అదే పడవకు మూడు కొలతల చాపలున్నాయి: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. మనిషి బరువునుబట్టి చాప ఉండాలని పందెగాళ్లే ఒప్పుకున్నట్లు కాదా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పాల్గొన్న నేత్రా కుమనన్ నడిపింది ఆ మధ్య కొలత చాపనే. ఆమెను పిరికిది అనగలరా? బరువునుబట్టి చాప మార్చడం శాస్త్రమైతే, గాలినిబట్టి చాప మార్చడం పిరికితనం ఎలా అయింది?

సాహసులను అడుగుదామా? ఫ్రాంక్ డై అనే ఆంగ్లేయుడు సుమారు 16 అడుగుల వేఫేరర్ డింగీలో 1963లో ఐస్‌లాండుకు, 1964లో నార్వేకు వెళ్లాడు. అంతటివాడు కూడా తుఫానులో చాపను పూర్తిగా దించివేసి, నీటి లంగరు వదిలి, గాలి తగ్గేదాకా ఓపిక పట్టాడు. రాజుకంటె మొండివాడు బలవంతుడంటారు. కావచ్చు, కాని మొండివాడికంటె గాలి బలమైనది.

పని కూడా బ్రహ్మవిద్య కాదు. చాప అడుగున అడ్డంగా ఉండే దూలాన్ని బూమ్ అంటారు. ముందుగా చాప తాడునూ, బూమ్‌ను కిందికి పట్టి ఉంచే కట్టునూ సడలించాలి. చాప నెత్తే తాడును కొంత దించి, చాప ముందంచున ఉన్న కంటిని బూమ్ మొదట్లో తగిలించి, ఆ తాడును మళ్లీ బిగించాలి. తరువాత వెనుకంచు కంటిని కిందికీ, వెనక్కీ గట్టిగా లాగి కట్టాలి. మధ్యలో వేలాడే గుడ్డను చిన్న తాళ్లతో వదులుగానే ముడివేయాలి. బరువు మోసేది రెండు చివరల కట్లే. మధ్య ముళ్లు బిగిస్తే చాప చినుగుతుంది. సందేహం ఉంటే గట్టుమీదే కుదించుకోవాలి. నీటిలో మడత విప్పడం తేలిక, అలల మధ్య మడత వేయడం కష్టం.

నా కోపమంతా నేర్చుకునే పిల్లల గురించి. పెద్దల మాట విని పన్నెండేళ్ల పిల్లవాడు నిండు చాపతో దిగుతాడు. పడవ ఒకసారి తిరగబడితే లేపుతాడు. మూడోసారికి చేతులు పనిచేయవు. నాలుగు పడవలు ఒకేసారి తిరగబడితే, ఉన్న ఒక్క రక్షణ పడవ ఎవరి దగ్గరికి ముందు పోవాలి? లైఫ్ జాకెట్టు తొడుక్కోవడాన్ని పిరికితనమని ఎవరూ అనరు. దీన్ని మాత్రం ఎందుకు అంటున్నారు?

శిక్షణకు వాడే ప్రతి పడవలోనూ చాప కుదించే ఏర్పాటు ఉండాలి. గాలి హెచ్చిన రోజున గురువే ముందుగా, అందరూ చూస్తుండగా, తన చాపను కుదించాలి. దీనికి అభ్యంతరం ఉన్నవారు లెక్కలతో రావాలని మనవి, మీసాలు మెలేస్తూ కాదు.