పింఛను రోగికి సరే... పక్కన కూర్చునే మనిషికి?

ఉద్దానంలో ఒక ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైతే దెబ్బతినే సంపాదనలు రెండు. ఒకటి రోగిది. రెండోది ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లే భార్యదో, కొడుకుదో. మొదటిదాన్ని ప్రభుత్వం కొంతవరకైనా చూసింది. రెండోదాన్ని ఎవరూ చూడలేదు.

మారిందేమిటో ముందు చెప్పుకుందాం. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10 వేలు అయింది. 2024లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలకు, మంచానికే పరిమితమైన వారిది 5 వేల నుంచి 15 వేలకు పెరిగింది. డయాలసిస్ వారిది మాత్రం ఆ 10 వేల దగ్గరే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. ఇవన్నీ మేలు చేసినవే, కాదనలేం.

కానీ డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రాకపోకలు కలిపితే ఆ రోజు పోయినట్టే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలోనో, టెక్కలి గ్రానైట్ పనిలోనో ఉన్న కొడుకు తండ్రి వెంట వెళ్తే నెలకు 8 నుంచి 13 రోజుల కూలీ పోతుంది. ఇంటికి వచ్చే 10 వేలలో చాలా భాగం అక్కడే సరి!

ఈఎస్ఐ ఉంది కదా అంటారా? ఉద్యోగికే జబ్బు చేస్తే 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు, సర్వీసు షరతులు కుదిరితే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. తండ్రికి జబ్బు చేస్తే కొడుక్కి మాత్రం ఒక్క రోజు కూడా లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సంరక్షకుల భత్యం మాట ఉంది. అయితే ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో కుటుంబ సభ్యుడి సేవ కోసం ఏడాదిలో 8 వారాల దాకా వేతనం ఇస్తారు. 2025 జనవరి నుంచి అది జీతంలో 70 నుంచి 90 శాతం. ఆ డబ్బు ఉద్యోగుల జీతంలో కోసే చందాదే. మన ఈఎస్ఐ కూడా చందాతో నడిచేదే. ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడుతున్నారు. ఆ నిధిలోంచి తోడు వెళ్లేవారికి నెలకు కొన్ని రోజులైనా ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మన ఇళ్లలో తీమార్‌దారీని సవాబ్ అనుకుంటాం, ఎవరూ లెక్క అడగరు. సేవకు లెక్క వద్దు, నిజమే. పోయిన కూలీకి మాత్రం లెక్క ఉండాలి.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. జీతం 21 వేల లోపైతే స్లిప్పులో ఈఎస్ఐ కోత పడుతోందా, మీ నంబరు ఎంత, ఇవాళే చూసుకోండి. జబ్బు వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది.