సాహసానికి వెల ఎవరు కట్టాలి?

వీరుని కీర్తించడం సులభం; వీరునికి వలసిన సాధనాలు సమకూర్చడమే కష్టం. 1942 జనవరి 24వ తేదీ తెల్లవారక మునుపు బోర్నియో తీరాన బాలిక్‌పాపన్ రేవు ఎదుట జరిగిన పోరు ఇందుకు నిదర్శనం.

మొదటి ప్రపంచయుద్ధకాలపు నమూనాకు చెందిన నాలుగు అమెరికన్ డిస్ట్రాయర్లు, ఫోర్డ్, పోప్, పారట్, పాల్ జోన్స్, చీకటిలో జపాను రవాణానౌకల నడుమకు చొచ్చుకొనిపోయాయి. వెన్నుదన్నుగా నిలువవలసిన క్రూయిజర్లలో ఒకటి నీటిలోని రాతిదిబ్బను తాకి దెబ్బతిన్నది. రెండవదాని యంత్రం మొరాయించింది. అయినా కమాండర్ టాల్బట్ వెనుదీయలేదు. డచ్చివారు ముట్టించిన చమురు మంటల వెలుగున శత్రునౌకలు స్పష్టంగా కానవచ్చాయి. ఫిరంగి మెరుపు తమ ఉనికిని పట్టియిస్తుంది గనుక ముందుగా టార్పెడోలనే ప్రయోగించమని ఆయన ఆజ్ఞ. వాటిలో పెక్కు గురితప్పినా నాలుగు రవాణానౌకలు మునిగాయి. దాడిచేసిన నాలుగూ తిరిగివచ్చాయి.

కాని బాలిక్‌పాపన్ జపాను వశం కాక మానలేదు. మార్చి 1న పోప్ సైతం సముద్రగర్భం చేరింది.

ఇందుకు నావికులను నిందించేవారెవరూ లేరు. అయితే వారిని పొగడి ఊరుకోవడమూ న్యాయం కాదు. కాలం చెల్లిన నౌకలతో ప్రాణాలొడ్డవలసిన గతి వారికెందుకు పట్టిందని అడగాలి. శాంతికాలపు ఏమరుపాటుకు యుద్ధకాలంలో వెల చెల్లించేది దానికి కారకులైనవారు కారు. ఈ ప్రశ్నను మరపించే ప్రశంస వీరపూజ అనిపించుకోదు.