పిడికెడు బియ్యంతో నిలిచే సంఘం

విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సెప్టెంబరులో పార్లమెంటు సవరించినప్పుడు మన సంఘాల్లో చాలామంది కలవరపడ్డారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు పంపడానికి వీల్లేకుండా పోయింది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల మీద ఆధారపడిన చిన్న హాస్టళ్లకు, గ్రామ పరిచర్యలకు ఇది గట్టి దెబ్బే. ఆ నిబంధనల మంచిచెడ్డలు చర్చించవలసిందే. కాని విశ్వాసి ముందు మరో ప్రశ్న ఉంది. మన కాపరి కుటుంబాన్ని, మన వీధిలోని విధవరాలిని పోషించవలసింది సముద్రం అవతలి దాతా, మనమా?

దీనికి జవాబు మన గడ్డమీదే ఉంది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతకుముందే 1903లో తిరునెల్వేలిలో ఆయన, సహచరులు కలిసి ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. భారతీయుల డబ్బు, భారతీయ సేవకులు, భారతీయ నిర్వహణ అన్నదే దాని నియమం. ఆ తమిళ విశ్వాసుల కానుకలతోనే దోర్నకల్ ప్రాంతానికి సువార్తికులు వచ్చారు. అక్కడ ప్రభువును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది కూలినాలి చేసుకునే పేదలు. పేదలు కదా అని అజరయ్య వారిని పుచ్చుకునేవారిగానే ఉంచలేదు, ఇవ్వడం నేర్పారు.

మిజోరాం ప్రెస్బిటేరియన్ సంఘాల్లో 1910లో మొదలైన అలవాటు నేటికీ సాగుతోంది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు ప్రభువు కోసం పక్కన పెడుతుంది. ఆ బియ్యం అమ్మగా వచ్చిన సొమ్ము సువార్త సేవకు వెళ్తుంది. మాసిదోనియ సంఘాలూ ఇలాంటివే. నిరుపేదలై ఉండి కూడా, ఇచ్చే భాగ్యం తమకూ కావాలని అవి పౌలును వేడుకున్నాయి (2 కొరింథీ 8:1-4).

అయితే దశమభాగం పెట్టుబడి కాదు. వెయ్యి ఇస్తే లక్ష వస్తుందని మలాకీ గ్రంథాన్ని చూపి ఆశపెట్టే బోధ, దేవుణ్ణి వడ్డీ వ్యాపారిని చేస్తుంది. మలాకీ అడిగింది మందిరంలో ఆహారం ఉండేలా చూడమని (3:10). మూడో ఏటి దశమభాగం లేవీయులతోపాటు పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, విధవరాలికి చెందాలని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ 14:28-29). పుదీనాలో సైతం పదోవంతు లెక్కగట్టి, న్యాయాన్ని, కనికరాన్ని విడిచిపెట్టినవారిని ప్రభువు గద్దించాడు (మత్తయి 23:23).

ఇచ్చేవారికే కాదు, పుచ్చుకునేవారికీ నమ్మకత్వం కావాలి. సింగపూర్‌లోని సిటీ హార్వెస్ట్ చర్చిలో దాదాపు 5 కోట్ల సింగపూర్ డాలర్ల సంఘ నిధుల దుర్వినియోగానికి సంబంధించి ఆరుగురు నాయకులు 2015లో దోషులుగా తేలారు. పౌలు ఆ చిక్కును ముందే ఎరిగినవాడు. చందా సొమ్ము విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా, సంఘాలు ఎంచుకున్న సహోదరుణ్ణి వెంట ఉంచుకున్నాడు (2 కొరింథీ 8:18-21). ఆడిట్ చేసిన లెక్క ఏటా సంఘం ఎదుట చదివి వినిపిస్తే కాపరి గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

ప్రియ చదువరీ! చట్టాలు మారవచ్చు, దాతలు మారవచ్చు. విశ్వాసుల వంటింట్లో ప్రభువు కోసం ఒక పిడికెడు పక్కన పడుతున్నంత కాలం సంఘం పస్తుండదు. ఈ వారం మన ఇంట్లో ఆ పిడికెడు పక్కన పడుతోందా?